డౌట్స్ ఏమైనా ఉన్నాయా?

ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనైనా రోజుకి ఆరు పీరియడ్లుంటే ఆరుసార్లూ వినిపించే ప్రశ్న ఇది. సార్ బోర్డు నిండా రాస్తారు, చేతికంటిన చాక్‌పీస్ పొడి దులుపుకుంటారు, మన వైపు తిరిగి అడుగుతారు. అరవై మందిమీ గుళ్లో శిల్పాల్లా కూర్చుంటాం. "అయితే అందరికీ అర్థమైనట్టే" అని డస్టర్ అందుకుంటారు. మిడ్ పేపర్లు దిద్దాక ఆయనే "ఆ రోజు అడిగాను కదా, ఒక్కరైనా నోరు విప్పారా?" అంటారు. ఆయన అడిగిన మాటా నిజమే, మనం నోరు విప్పని మాటా నిజమే.

టీచర్ ఏం చేస్తే క్లాసులో ఎక్కువమంది గట్టెక్కుతారు అన్న విషయం మీద రెండేళ్లుగా దొరికింది దొరికినట్టు చదువుతున్నాను. ఎందుకు మొదలుపెట్టానో కాసేపట్లో చెప్తాను. మన పత్రికని సార్లూ మేడమ్‌లూ కూడా చూస్తారని తెలుసు. ఎవర్నీ ఆడిపోసుకోవడానికి రాయడం లేదు. మనలో కొందరు రేపు ఎంటెక్ చేసి ఆ బోర్డు ముందే నిలబడతారు. అంతదాకా ఎందుకు, పరీక్షకి ముందు రాత్రి హాస్టల్లో నలుగురు జూనియర్లని కూర్చోబెట్టుకుని యూనిట్లకి యూనిట్లు చెప్పే అన్నలూ అక్కలూ ఇప్పుడే టీచర్లు. ఇది వాళ్లకి కూడా.

ముందు ఆ మౌనం సంగతి. డౌట్ రావాలంటే సగమైనా అర్థమై ఉండాలి. ఏమీ అర్థం కానివాడికి డౌట్ రాదు, నిద్ర వస్తుంది. సగం అర్థమైనవాడికి డౌట్ వస్తుంది కానీ, లేచి అడిగితే 'ఇదీ తెలీదా' అనుకుంటారేమోనని ఆగిపోతాడు. అంటే ఆ ప్రశ్న మన చెవికి "మీలో మొద్దు ఎవరో లేచి నిలబడండి" అన్నట్టే వినపడుతుంది. దానికి తోడు, అడిగాక ఆగే టైమెంత? మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ క్లాసుల్ని టేపుల్లో రికార్డు చేసి కొలిచింది. ప్రశ్న వేశాక టీచర్లు ఆగుతున్నది సుమారు 1 సెకను. దాన్ని 3 సెకన్లకి పెంచితే పిల్లల జవాబుల నిడివి పెరిగింది, ఎక్కువమంది నోరు విప్పారు, "తెలీదు" అనడం తగ్గింది. మూడు సెకన్లే కదా అనుకోకండి. అరవై మంది ముందు ఏమీ మాట్లాడకుండా మూడు సెకన్లు నిలబడి చూడండి, మీకే తెలుస్తుంది అదెంత పొడుగో.

అంతకంటే తేలికైన దారి, ఆ ప్రశ్నే మార్చేయడం. మా ఫస్ట్ ఇయర్‌లో బేసిక్ ఎలక్ట్రికల్ చెప్పిన సార్ ఒకాయన "డౌట్స్ ఉన్నాయా" అని ఎప్పుడూ అడిగేవారు కాదు. "60 వాట్ల బల్బు ఒకటి, 100 వాట్ల బల్బు ఒకటి. రెండూ సిరీస్‌లో పెట్టి మెయిన్స్‌కి కలిపాను. ఏది ఎక్కువ వెలుగుతుంది? అరవై అంటే ఒక వేలు, వంద అంటే రెండు వేళ్లు, సమానం అంటే మూడు. గుండెకి ఆనించి చూపించండి, పక్కవాడికి కనపడకూడదు" అనేవారు. క్లాసులో ముప్పావు మందికి పైగా రెండు వేళ్లు. ఆయన నవ్వి, జవాబు చెప్పకుండా, "ఇప్పుడు నీ జవాబు కాకుండా వేరేది చూపించినవాణ్ణి వెతుక్కుని రెండు నిమిషాలు పోట్లాడు" అనేవారు. ఆ రెండు నిమిషాలు క్లాసు చేపల మార్కెట్టే. సిరీస్ కాబట్టి కరెంట్ ఒకటే, 60 వాట్ల బల్బు రెసిస్టెన్స్ ఎక్కువ, కాబట్టి ఐ స్క్వేర్ ఆర్ దానికే ఎక్కువ, అదే ఎక్కువ వెలుగుతుంది. మూడేళ్లయినా నాకు గుర్తుందంటే సార్ చెప్పినందుకు కాదు, పక్క బెంచీవాడు నన్ను ఓడించినందుకు.

ఈ పద్ధతికి ఒక పేరూ చరిత్రా ఉన్నాయని తర్వాత తెలిసింది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1984 నుంచి పాఠాలు చెప్తున్నారు. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో మంచి మార్కులు, స్టూడెంట్స్ లెక్కలు బాగానే చేస్తున్నారు. కొన్నేళ్ల తర్వాత, ఫార్ములాలు లేకుండా మామూలు మాటల్లో ఉండే ఒక కాన్సెప్ట్ టెస్ట్ ఇచ్చి చూశారు. లారీ వచ్చి చిన్న కారుని గుద్దితే ఎవరి మీద ఎక్కువ ఫోర్స్ పడుతుంది లాంటి ప్రశ్నలన్నమాట. ఒక స్టూడెంట్ లేచి, వీటికి మీరు చెప్పిన ప్రకారం రాయాలా, నేను మామూలుగా అనుకునే ప్రకారం రాయాలా అని అడిగాడట. మజూర్‌కి దిమ్మ తిరిగింది. న్యూటన్ సూత్రాలు పరీక్షకి ఒకటి, బతుక్కి ఒకటి అయిపోయాయని అప్పుడు అర్థమైంది. 1991 నుంచి ఆయన లెక్చర్‌ని ముక్కలు చేసి మధ్యమధ్యలో ప్రశ్న వేయడం, ఎవరికి వాళ్లు జవాబు ఇవ్వడం, పక్కవాళ్లతో వాదించడం, మళ్లీ జవాబు ఇవ్వడం మొదలుపెట్టించారు. దాన్ని పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. ఇది పనిచేయడానికి కారణం చాలా మామూలుది. ప్రొఫెసర్‌కి ఆ విషయం అర్థమై ముప్పై ఏళ్లయింది, ఎక్కడ తట్టుకుని పడతామో ఆయన మర్చిపోయాడు. పక్కవాడికి అర్థమై రెండు నిమిషాలే అయింది, వాడి మోకాలికి దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది.

ఇక నేనెందుకు ఇవన్నీ చదవడం మొదలుపెట్టానంటే, నా రూమ్మేట్ వల్ల. పేరు వద్దులెండి, వాడూ ఈ పత్రిక చదువుతాడు. టెన్త్ దాకా ఊళ్లో గవర్నమెంట్ స్కూల్లో తెలుగు మీడియం. ఇంటర్‌లో మీడియం మారింది కానీ, అక్కడ పుస్తకం చదివే తీరిక ఎవరిచ్చారు, అంతా బిట్లే. లెక్కల్లో నా కంటే చురుకు. ఎం-వన్ మొదటి మిడ్‌లో నాకు వచ్చిన మార్కుల్లో సగం వచ్చాయి వాడికి. పేపర్ తెచ్చుకుని చూశాం. "కేలీ-హామిల్టన్ థీరమ్‌ని వెరిఫై చేసి, హెన్స్ ఎ ఇన్వర్స్ కనుక్కోండి" అన్నది ప్రశ్న. వాడు వెరిఫై చేశాడు. ఇన్వర్స్ మాత్రం అడ్జాయింట్ పద్ధతిలో, రెండు పేజీలు, ఒక్క తప్పు లేకుండా చేశాడు. జవాబు కరెక్ట్. మార్కులు సున్నా. "హెన్స్ అంటే ఏంట్రా?" అని అడిగాడు నన్ను. 'కాబట్టి' అని మాత్రమే తెలుసు వాడికి. లెక్కల పేపర్‌లో ఆ మాటకి 'ఇప్పుడు వచ్చిన ఫలితాన్నే వాడి' అని అర్థమని ఎవరూ చెప్పలేదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 'విత్ రెస్పెక్ట్ టు ఎక్స్' అంటే ఎక్స్‌కి మర్యాద ఇవ్వడమేమో అని వాడు జోక్ చేసేవాడు కానీ, జోక్ వెనక నిజముంది. 'అర్బిట్రరీ కాన్‌స్టంట్' అంటే 'ఏ విలువైనా సరే'. 'నాన్-ట్రివియల్ సొల్యూషన్' అంటే 'అన్నీ సున్నాలు కానిది'. 'ప్రొవైడెడ్ దట్' అంటే 'ఈ షరతు ఉంటేనే'. ఐగెన్ వాల్యూ అనేది అందరికీ కొత్త మాటే, దాన్ని సార్ గంటసేపు వివరిస్తారు. చిన్న చిన్న కీలు మాటలే ఎవరూ వివరించరు, ఎందుకంటే అవి పాఠంలో భాగమని ఎవరికీ అనిపించదు. మొదటి వారంలో ఒక పావుగంట, ఇలాంటి ఇరవై మాటలు తెలుగులో చెప్పి బోర్డు మీద రాయిస్తే ఎంతమందికి ఊపిరి ఆడుతుందో. 2021-22 నుంచి ఏఐసీటీఈ ప్రాంతీయ భాషల్లో ఇంజనీరింగ్ చెప్పుకోవడానికి అనుమతి ఇచ్చింది, దాని మీద వాదనలు ఉన్నాయి, అది వేరే వ్యాసం. ఈ పావుగంటకి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మిడ్ అయిన పది రోజులకి నోటీసు బోర్డులో ఒక లిస్టు పెట్టారు. పైన పెద్ద అక్షరాల్లో స్లో లెర్నర్స్. కింద పదిహేడు రోల్ నంబర్లు. సాయంత్రం నాలుగు తర్వాత రెమిడియల్ క్లాస్. లిస్టు పెట్టినవాళ్ల ఉద్దేశం చెడ్డదేం కాదు. న్యాక్ వాళ్లు వచ్చినప్పుడు, నెమ్మదిగా నేర్చుకునేవాళ్లని ఎలా గుర్తించారు, వాళ్ల కోసం ఏం చేశారు అని అడుగుతారు, ఫైల్ ఉండాలి. కానీ ఆ లిస్టులో నంబర్ చూసుకున్న మా వాడు మూడు రోజులు మెస్‌లో అందరితో కలిసి తినలేదు. రెమిడియల్ క్లాసుకి ఒక్కరోజు వెళ్లాడు. అక్కడ చెప్పింది, పొద్దున చెప్పిందే, ఇంకాస్త నెమ్మదిగా. "మావా, నాకు స్పీడు ప్రాబ్లమ్ కాదురా" అన్నాడు వచ్చి. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. క్రెడిట్లు చాలక డిటెయిన్ అయితే ఆ ఏడాదికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదేమోనని వాడి భయం. డిగ్రీలో చేరిపోతానని రెండుసార్లు అన్నాడు, ఒకసారి బ్యాగ్ కూడా సర్దాడు.

ఆ రోజుల్లోనే నాకు యూరీ ట్రైస్‌మన్ కథ దొరికింది. తీరిగ్గా చెప్తాను, ఎందుకంటే ఈ విషయం మీద నేను చదివినవాటిలో ఇంతకంటే పనికొచ్చేది లేదు.

1970ల్లో ఆయన కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీలో రీసెర్చ్ స్టూడెంట్. క్యాలిక్యులస్ క్లాసులకి టీచింగ్ అసిస్టెంట్‌గా చేస్తుంటే ఒకటి గమనించాడు. క్యాలిక్యులస్‌లో నల్లజాతి స్టూడెంట్స్ పెద్ద సంఖ్యలో ఫెయిలవుతున్నారు, చైనీస్ అమెరికన్ స్టూడెంట్స్ బాగా చేస్తున్నారు. ఎందుకని అక్కడి ఫ్యాకల్టీని అడిగితే నాలుగు కారణాలు చెప్పారు. వాళ్లకి కసి లేదు, హైస్కూల్ పునాది సరిగ్గా లేదు, ఇంట్లో చదువు మీద శ్రద్ధ లేదు, డబ్బు లేదు. (మన స్టాఫ్ రూముల్లోనూ ఇవే కదా వినిపించేవి? కసి, బేస్, ఇల్లు, డబ్బు.) ట్రైస్‌మన్ ఆ నాలుగింటినీ నమ్మేయకుండా ఇరవై మంది నల్లజాతి వాళ్లనీ, ఇరవై మంది చైనీస్ అమెరికన్లనీ ఎంచుకుని, వాళ్ల వెంట తిరిగాడు. ఎక్కడ చదువుతారు, ఎలా చదువుతారు, ఎవరితో చదువుతారు అని నెలల తరబడి చూశాడు.

నాలుగు కారణాలూ నిలవలేదు. ఆ పిల్లల్లో చాలామంది వాళ్ల స్కూళ్లలో ముందు వరసలో నిలిచినవాళ్లే. ఇళ్లలో చదువంటే ప్రాణం. కసికి కొదవే లేదు. తేడా ఎక్కడుందంటే, వాళ్లు ఒంటరిగా చదువుతున్నారు. క్లాసులో గంటకి ఇంటి దగ్గర రెండు గంటలు చదవమని చెప్తే, అక్షరాలా అలాగే వారానికి ఎనిమిది గంటలు గదిలో తలుపేసుకుని చదివారు. ఫలితం రాకపోతే తప్పు తమలోనే ఉందనుకున్నారు. చైనీస్ అమెరికన్ పిల్లలు కూడా ఒంటరిగా అన్ని గంటలూ చదివారు, కానీ ఆ తర్వాత సాయంత్రాలు గుంపుగా కూర్చుని, ఏదో తింటూ, ఒకరి హోంవర్క్ ఒకరు దిద్దుకున్నారు. ఒక లెక్క ఎవరికీ రాకపోతే, అది నిజంగానే కష్టమైన లెక్క అని వాళ్లకి తెలిసేది. ఒంటరిగా కూర్చున్నవాడికి అది తెలిసే దారే లేదు. వాడికి రాని ప్రతి లెక్కా వాడి మొద్దుతనానికి సాక్ష్యంలా కనపడుతుంది.

యూనివర్సిటీలో అప్పటికే రెమిడియల్ క్లాసులు ఉన్నాయి. ఆ పిల్లలు అటు వెళ్లేవారే కాదు. నిన్నటిదాకా ఇతరులకి లెక్కలు చెప్పినవాడు, ఇప్పుడు 'వెనకబడినవాళ్ల' గదిలోకి ఎలా వెళ్తాడు? అందుకని ట్రైస్‌మన్ తలకిందులుగా ఆలోచించాడు. రెమిడియల్ అన్న మాటే తీసేశాడు. గణితం మీద ఆసక్తి ఉన్నవాళ్ల కోసం ఆనర్స్ తరహా వర్క్‌షాప్ అన్నాడు. తేలిక లెక్కలు కాదు, మామూలు క్లాసులో ఇచ్చేవాటికంటే కష్టమైనవి ఇచ్చాడు. చిన్న గుంపులుగా కూర్చోబెట్టాడు. లెక్చర్ లేదు, సూత్రాలు మళ్లీ చెప్పడం లేదు. ఇబ్బంది పడినచోట ఒక ప్రశ్న అడిగి పక్కకి తప్పుకోవడమే వర్క్‌షాప్ నడిపేవాళ్ల పని. వర్క్‌షాప్‌కి వచ్చిన నల్లజాతి స్టూడెంట్స్‌లో ఫెయిలయ్యేవాళ్లు బాగా తగ్గిపోయారు, మంచి గ్రేడ్లు తెచ్చుకునేవాళ్లు పెరిగారు. ఆ పద్ధతి తర్వాత అమెరికాలో చాలా కాలేజీలకి పాకింది. 1992లో ఆయన దీని గురించి అచ్చేసిన ప్రసంగం ఇంగ్లిష్‌లో చదవడానికి కష్టమేమీ కాదు, ఓపికుంటే వెతికి చదవండి.

మన స్లో లెర్నర్స్ లిస్టుకీ దీనికీ ఎంత దూరముందో చూశారా? లెక్కలు తేలిక చేయడం కాదు, కష్టమైన లెక్క దగ్గర ఒంటరిగా వదిలేయకపోవడం. నా మటుకు నాకు, ఒక టీచర్ చేయగలిగిన సాయంలో ఇదే పెద్దది అనిపిస్తుంది.

ఇంక పరీక్షలు. మనకి టెస్ట్ అంటే కొలబద్ద, చదువు అయ్యాక పెట్టేది. నిజానికి టెస్టే చదువు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో ఒక ప్రయోగం అచ్చేశారు. కాలేజీ స్టూడెంట్స్‌కి ఒక పాఠం ఇచ్చి, కొందరిని మళ్లీ చదవమన్నారు, కొందరిని పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, మళ్లీ చదివినవాళ్లదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత పెడితే తారుమారు. మళ్లీ చదివినవాళ్లకి 42 శాతం గుర్తుంది, రాసినవాళ్లకి 56. పరీక్ష ముందు రాత్రి ఆల్ ఇన్ వన్ తిరగేసి పొద్దున రాసేసి, వచ్చే సెమిస్టర్‌లో ఏమీ గుర్తులేక బిక్కమొహం వేసే మన అందరి కథా ఆ నాలుగు అంకెల్లో ఉంది. టీచర్ వైపు నుంచి దీనికి కావాల్సింది క్లాసు మొదట్లో నాలుగు నిమిషాలు. పోయిన వారం చెప్పినదాంట్లోంచి రెండు ప్రశ్నలు, పుస్తకం మూసి. మార్కులు వేయొద్దు, అటెండెన్స్‌తో ముడిపెట్టొద్దు. మార్కులు వేస్తే మనం కాపీ కొడతామని వేరే చెప్పాలా.

మార్కుల గురించి ఇంకొక్క మాట. మిడ్ పేపర్ చేతికొచ్చాక మనం చూసేది టోటల్, కలిపింది కరెక్టా కాదా అని. రూత్ బట్లర్ అనే ఆవిడ 1988లో ఇజ్రాయెల్ స్కూల్ పిల్లల మీద చేసిన పరిశోధనలో, కొందరికి మార్కులిచ్చారు, కొందరికి మార్కుల్లేకుండా వ్యాఖ్యలు రాశారు, కొందరికి రెండూ ఇచ్చారు. తర్వాత పనిలో మెరుగైనవాళ్లు వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ ఇచ్చినా లాభం లేకపోయింది, మార్కు చూశాక వ్యాఖ్య ఎవరు చదువుతారు! యూనివర్సిటీ రూల్స్‌లో మార్కులు ఎగ్గొట్టడం కుదరదు కాబట్టి, మా సిగ్నల్స్ మేడమ్ ఒక ఉపాయం పట్టారు. పేపర్ మీద మార్కు వేయకుండా "మూడో స్టెప్‌లో లిమిట్స్ చూసుకో, అక్కడ్నుంచి మళ్లీ చేసి శుక్రవారం చూపించు" అని ఒక్క లైను రాసి ఇచ్చేవారు. మార్కులు శుక్రవారం తర్వాతే పెట్టేవారు. మొదట్లో అందరం సణిగాం. కానీ అంత శ్రద్ధగా సొంత జవాబు పత్రాన్ని చదువుకోవడం నా ఇంజనీరింగ్‌లో అదొక్కటే.

ల్యాబ్ రికార్డుల గురించి ఏం చెప్పాలి, సీనియర్ రికార్డు చూసి దించడంలో మనకి పీహెచ్‌డీ ఇవ్వొచ్చు. రికార్డుకి సంతకం పెట్టే రెండు నిమిషాల్లో "ఈ గ్రాఫ్ ఇక్కడెందుకు వంగింది?" అని ఒక్కటి అడిగితే చాలు.

ఇప్పుడు సార్ల వైపు నుంచి. ఒక్కొక్కరికీ రెండు మూడు సెక్షన్లు, సెక్షన్‌కి అరవై పైన. అయిదు యూనిట్లు టైముకి పూర్తి కావాలి. సీఓ-పీఓ మ్యాపింగ్ షీట్లు, అక్రెడిటేషన్ ఫైళ్లు, వేసవిలో అడ్మిషన్ల డ్యూటీ. చాలా చోట్ల జీతం నెలనెలా వస్తుందన్న నమ్మకం కూడా లేదు. ఇంత మోస్తున్న మనిషిని 'ఇంకా చెయ్యండి' అనడం అన్యాయం. అందుకే పైన చెప్పినవన్నీ లెక్చర్‌కి అదనం కాదు, లెక్చర్‌లో కొంత తీసేసి పెట్టేవి. సిలబస్ ఏమైపోతుందన్నది సహజంగా వచ్చే ప్రశ్న. దానికి నా దగ్గరున్న జవాబు 2014లో ఫ్రీమన్, ఆయన బృందం చేసిన లెక్క. సైన్స్, ఇంజనీరింగ్, గణితం క్లాసుల మీద 225 అధ్యయనాలు కలిపి చూస్తే, ఉత్త లెక్చర్ క్లాసుల్లో సగటున 33.8 శాతం ఫెయిలయ్యారు, స్టూడెంట్స్‌తో ఏదో ఒకటి చేయించిన క్లాసుల్లో 21.8 శాతం. మన అరవై మంది సెక్షన్‌కి లెక్కేస్తే ఇరవై మంది, పదముగ్గురు. మన దేశపు క్లాసులకి ఆ అంకెలు అచ్చంగా అలాగే సరిపోతాయని నేననను. కానీ ఆ ఏడుగురి తేడా నాకు అంకెలా అనిపించదు.

మా రూమ్మేట్ విషయానికొస్తే, బ్యాగ్ సర్దిన వారానికి నేను ఈ ట్రైస్‌మన్ కథ మా ఎం-వన్ మేడమ్‌కి చెప్పాను. ఆవిడ విని "రెమిడియల్ క్లాసు నేను ఆపలేను, ఫైల్ కావాలి. కానీ మీరే కూర్చుంటామంటే లెక్కలు నేనిస్తాను" అన్నారు. హాస్టల్ రీడింగ్ రూమ్‌లో మంగళ, గురువారాలు రాత్రి తొమ్మిదికి. లిస్టులో ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ కలిపి పదకొండు మంది. పేరు పెట్టలేదు, అటెండెన్స్ లేదు. మేడమ్ వారానికి నాలుగు లెక్కలు పంపేవారు, కనీసం ఒకటి ఎవరికీ రానిది. తెలుగులోనే తిట్టుకుంటూ, తెలుగులోనే చేసేవాళ్లం, చివర్లో ఇంగ్లిష్‌లో నీటుగా రాసేవాళ్లం.

పెద్దవాళ్లు చిన్నవాళ్లకి చెప్పే ఈ పద్ధతి మనకేం కొత్త కాదు. 1790ల్లో మద్రాసులో ఆండ్రూ బెల్ అనే ఆయన, ఇక్కడి వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి, తన అనాథ పిల్లల స్కూల్లో అదే పెట్టించి, ముందు నేర్చుకున్న పిల్లలతోనే మిగతావాళ్లకి చెప్పించాడు. ఇంగ్లండ్ వెళ్లి దాని మీద 1797లో పుస్తకం వేశాడు. అక్కడ దానికి మద్రాస్ సిస్టమ్ అనే పేరు స్థిరపడింది.

మా వాడు ఎం-వన్ మొదటి సప్లీలో కాదు, రెగ్యులర్‌లోనే పాసయ్యాడు. గొప్ప మార్కులేం కావు. లిస్టులో ఉన్నవాళ్లలో మాతో కూర్చున్నవాళ్లు ఆరుగురు, వాళ్లలో ఒకడు పాస్ కాలేదు, వాడు సెకండ్ ఇయర్‌లో క్లియర్ చేశాడు. ఇప్పుడు రీడింగ్ రూమ్‌లో మంగళవారాలు జూనియర్లకి లెక్కలు ఇచ్చేది మా రూమ్మేటే. రూల్ ఒక్కటే పెట్టాడు. ఎవరైనా "డౌట్ ఉందన్నా" అంటే వాడు జవాబు చెప్పడు, పక్కవాణ్ణి చెప్పమంటాడు. ఈ సెమ్‌లో గురువారం బ్యాచ్‌కి ఇంకొకళ్లు కావాలి. గర్ల్స్ హాస్టల్లో కూడా మొదలుపెడదామని ఇద్దరు సెకండ్ ఇయర్ అమ్మాయిలు అడుగుతున్నారు, వాళ్లకి లెక్కలు పంపడానికి మేడమ్ ఒప్పుకున్నారు.